మూతల దర్సోనోగారు

మా ఆఫీసులో దర్సోనోగారికి ఒకటే జబ్బు. తెరిచి ఉన్నది ఏది కంటపడినా, మూసేదాకా ఆయనకి ఊపిరాడదు. కుళాయి, తలుపు, సొరుగు, సీసా మూత, ఎదుటివాడి సంచీ జిప్పు, ఏదైనా సరే. ఒకసారి నేను ఆవలిస్తుంటే "ఇక చాలు మాస్, మూసెయ్" అన్న మనిషి. మా ఊళ్ళో కుర్రాళ్ళని మాస్ అనీ, పెద్దాయన్ని పాక్ అనీ, పెద్దావిడని బు అనీ పిలుస్తాం.

సమరాంగ్‌లో మా పని రక్తం వెతకడం. ఏ ఆస్పత్రికి రక్తం కావాలన్నా మా ప్రోగ్రాం చుట్టుపక్కల రక్తనిధులన్నిటినీ ఒకేసారి అడిగి, ఎక్కడుందో చెబుతుంది. దాన్ని రాసింది నేనే. రాసినందుకు మీసం మెలేసిన రోజులూ ఉన్నాయి.

ఆ వానాకాలం డెంగీ ఊరిమీద పడింది. ప్రోగ్రాం రోజూ మధ్యాహ్నానికి బిగుసుకుపోయేది. ఫలానా తప్పు జరిగిందని ఒక్క ముక్కా చెప్పేది కాదు, ఊరికే ఎదురుచూస్తూ కూర్చునేది. ఆపి మళ్ళీ నడిపిస్తే రెండు గంటలు బాగుండేది. పోయిన మంగళవారం కస్మూరి అనే యాభై ఏళ్ళ బస్సు డ్రైవరు పేరు నలభై నిమిషాలు వరసలో ఉండిపోయింది. రక్తం చేరేసరికి ఆయన లేడు. నాకు అన్నం సయించలేదు. పైకి మాత్రం నెట్‌వర్కుని తిడుతూ తిరిగాను.

రక్తనిధులతో మాట్లాడటానికి ప్రోగ్రాంకి వంద కనెక్షన్లు ఉంటాయి. ఒకటి తీసుకోవాలి, జవాబు వినాలి, తిరిగి చోట్లో పెట్టాలి. ఆ వందా అయిపోతున్నాయని తెలిసింది గానీ ఎక్కడికి పోతున్నాయో అంతుపట్టలేదు. వందని మూడొందలు చేశాను. పన్నెండుకి బిగుసుకునేది మూడింటికి బిగుసుకుంది.

"చిల్లి కుండ కారుతోందని పెద్ద చిల్లి కుండ కొన్నావన్నమాట," అన్నారు దర్సోనోగారు నా టిఫిను డబ్బా మూత పెట్టేస్తూ.

"నేనింకా తింటున్నా పాక్!"

"తిను, వద్దన్నదెవరు? ముద్దకీ ముద్దకీ మధ్య మూస్తూ తిను."

సోమవారం పొద్దున్నే మా పై అధికారిణి బు రెత్నో వచ్చి నిలబడింది. "సాయంత్రంలోగా ఇది బాగుపడకపోతే ప్రోగ్రాం ఆపేస్తా. రాసినవాణ్ణి ఇంటికి పంపేస్తా," అంది.

మధ్యాహ్నం ప్రార్థన వేళ బయట గోల మొదలైంది. ప్రార్థన గది దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి ఐదు జతల రబ్బరు చెప్పులుంటాయి. ఎవరూ ఇంటికి తొడుక్కుపోకుండా దర్సోనోగారే ఒక్కోదాని మడమ దగ్గర ఇంత ముక్క కోసి ఉంచారు. అయినా ఆరోజు ఒక్క జతా లేదు. ఆరుగురు వట్టి కాళ్ళతో నిలబడ్డారు.

దర్సోనోగారు నిలబడ్డవాళ్ళని చూడలేదు. తిన్నగా మా బల్లల కిందికి వంగుతూ వచ్చారు. నాలుగు జతలు తోటివాళ్ళ కాళ్ళకి, ఐదోది నా కాళ్ళకి దొరికాయి.

"తిరిగి పెట్టేద్దామనే అనుకున్నా పాక్. కుళాయిలో నీళ్ళు రాలేదు. కడుక్కోకుండానే వచ్చేశా."

"నీళ్ళొస్తే చెప్పులు చోట్లో పెడతావు. రాకపోతే తొడుక్కుని వచ్చేస్తావా?" అని చటుక్కున ఆగిపోయారు. "మాస్, రక్తనిధి 'మా దగ్గర లేదు' అంటే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

ప్రోగ్రాం తీసి చూశాం. 'ఉంది' అంటే కనెక్షన్ మూసి తిరిగి పెడుతోంది. 'లేదు' అంటే అటునుంచి అటే వచ్చేస్తోంది, కనెక్షన్ చేత్తో పట్టుకునే. మామూలు రోజుల్లో లేదనేవాళ్ళు తక్కువ. డెంగీలో అందరూ లేదనేవాళ్ళే.

ఉన్నా లేకపోయినా మూసి తీరేలా ప్రోగ్రాంలో రెండు పంక్తులు మార్చాను. మూడు దాటింది, నాలుగైంది. తీసుకున్న కనెక్షన్లన్నీ తిరిగొస్తూనే ఉన్నాయి.

"ఇంతకీ రాసిందెవరు?" అంది సాయంత్రం మళ్ళీ వచ్చిన బు రెత్నో.



"రాసినదాన్ని చూసి సరేనన్నది నేను, బు. ముందు నన్ను తిట్టండి," అన్నారు దర్సోనోగారు. ఆమె నోరు తెరిచి, ఆయన మొహం చూసి, మూసేసుకుంది.

ఆయన బల్లమీద నోటుపుస్తకం ఒకటి తెరిచి ఉంది. ఆయన దగ్గర తెరిచిన వస్తువా అని వింతగా చూశాను. అందులో పది రోజులుగా వరసలో ఇరుక్కుపోయిన ప్రతి రోగి పేరు, వార్డు ఫోను నంబరు ఉన్నాయి. ఒక్కో పేరు కొట్టేసి పక్కన "అందింది, మూసేశాను" అని రాసుంది. నేను నెట్‌వర్కుని తిడుతున్నన్నాళ్ళూ ఈయన ఒక్కో వార్డుకీ ఫోను చేసి, రక్తం చేరిందనేదాకా వదల్లేదు. భార్యతో కబుర్లేమో అనుకుని నవ్వుకున్నాం మేం. సిగ్గేసింది.

ఆఖరి పేరు ఇంకా కొట్టెయ్యలేదు. కినాసీ, ఏడేళ్ళు.

"నువ్వు చెయ్యి," అని ఫోను నాకిచ్చారు.

నర్సు ఎత్తింది. "ప్లేట్‌లెట్లా? అందాయి, ఎక్కిస్తున్నాం. పిల్ల మాంసం ఉండల బక్సో కావాలని ఒకటే ఏడుపు. అదీ మీరే వెతుకుతారా?"

ఆ పేరు కొట్టేశాను. అప్పుడు కనబడింది, పైన కొట్టెయ్యని ఇంకో పేరు. కస్మూరి.

"అది మూతపడదు మాస్," అన్నారాయన. "పోయినవాళ్ళ కోసం ఏడు రోజులు చేసే ప్రార్థనకి రోజూ వాళ్ళింటికి వెళ్తున్నా. ఇవాళ ఏడో రోజు. నువ్వూ రా."

"వాళ్ళకి ఏమని చెప్పను పాక్?"

"జరిగింది చెబుదాం. ఒక్కడివే కాదు, ఇద్దరం చెబుదాం."

లేచాను. కళ్ళు తుడుచుకుని తలుపు దాకా వెళ్ళాను. వెనకనుంచి గొంతు సవరించుకోవడం వినిపించింది. దర్సోనోగారు నా కాళ్ళకేసి చూస్తున్నారు.

"ముందు ఆ చెప్పులు చోట్లో పెట్టిరా."