బుగ్గమ్మ బొటనవేలు

నర్మదకు ఎదుటి మనిషి పేరు తర్వాత తెలుస్తుంది, చర్మం ముందు తెలుస్తుంది. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో ఒకే ఒక్క కుర్చీతో బ్యూటీ పార్లర్ నడుపుతుందామె. అంతకుముందు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ పరీక్షలు నాలుగుసార్లు రాసింది. రాజ్యాంగం వంటబట్టలేదు గానీ, పక్క మంచాల అమ్మాయిల మొహాలన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆమె పరికరం చూస్తే నవ్వొస్తుంది. టిఫిన్ సెంటర్లో చేతులు తుడుచుకోమని ఇచ్చే పల్చటి కాగితం, అంతే. మొహం కడిగించి, గంటసేపు ఏమీ పూయనివ్వకుండా కూర్చోబెట్టి, ఆ కాగితం అద్ది వెలుతురుకు పట్టి చూస్తుంది. అంతటా నూనె మరకలుంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు దగ్గరే ఉంటే మిశ్రమం. మరకే లేకుండా బుగ్గలు బిగుసుకుంటే పొడి. ఆ తర్వాత విచారణ మొదలవుతుంది: ఏ నీళ్లతో కడుగుతున్నావు, ఏం తింటున్నావు, ఎన్ని గంటలు పడుకుంటున్నావు.

"చర్మంల సగం అమ్మానాయిన ఇచ్చింది, సగం నువ్వు చేస్కున్నది" అని తీర్పు చెప్తుంది. తనకు అంతుపట్టని చర్మం భూమ్మీద లేదని ఆమె ధీమా.

ఆ ధీమాను కదిలించింది బుగ్గమ్మ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, ఎదురు బిల్డింగు పనిలో సిమెంటు తట్టలు మోసే మనిషి. ఒకనాడు పార్లర్ తలుపు దగ్గర నిలబడి అరచేతులు చాపింది.

"బిడ్డా, మొహం సంగతి నాకొద్దు. ఈ వేలు సంగతి చెప్పు. రేషన్ షాపుల మిషన్ నన్ను గుర్తు పడ్తలేదు. కంటి మిషనేమో ఖరాబయ్యింది. రెండు నెల్లాయె బియ్యం లేక. ఈ నెల గూడ పడకుంటే కార్డు ఆగుతదంట."

కార్డులో ఉన్నది ఆమె ఒక్కతే. నర్మద ఆ బొటనవేలు పట్టుకుని చూసింది. గీతలు అరిగిపోయి గచ్చులా నున్నగా ఉంది. పొడి చర్మాలు ఎన్నో చూసింది గానీ, సిమెంటు తినేసిన చర్మం చూడటం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే పంతం వచ్చింది.

"పది రోజులు నాకియ్యి పెద్దమ్మా" అంది.

మేస్త్రీని బతిమాలి, బుగ్గమ్మకు తట్ట మాన్పించి గోడలకు నీళ్లు పట్టే పని ఇప్పించింది. చేతులకు గ్లౌజులు తొడిగించింది. రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వాజిలిన్ పట్టించింది. ఫేషియల్‌కు వచ్చినవాళ్లు నిలబడే ఉంటే, ఉన్న ఒక్క కుర్చీలో బుగ్గమ్మ మహారాణిలా కూర్చుని అందరి యోగక్షేమాలూ అడిగేది.

పదకొండో రోజు ఇద్దరూ నారాయణగూడలోని రేషన్ షాపుకు వెళ్లారు. ఎందుకైనా మంచిదని నర్మద దారిలో ఆ వేలికి ఇంకో రెండు పూతలు దట్టించింది. బుగ్గమ్మ వేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ పెట్టింది. వేలు జారిపోయింది, మళ్లీ ఎర్రలైటే.

"పడ్తలేదమ్మా. వెనక లైన్ చూడుండ్రి, జర జరుగుండ్రి" అన్నాడు డీలరు ధర్మారావు.

బుగ్గమ్మ మొహం వాడిపోయింది. నర్మదకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి జిడ్డూ పట్టుకునే మనిషి, తాను పూసిన జిడ్డునే మరిచిపోయింది. గబగబా సంచిలోంచి కాగితం తీసి ఆ వేలికి గట్టిగా అద్దింది. అలవాటు కొద్దీ వెలుతురుకు పట్టి చూసి, ఉన్నచోటే ఒక్క గంతు వేసింది. నూనె మరకలో గీతలున్నాయి. సన్నగా, వంకర్లు తిరుగుతూ, వరుసగా ఉన్నాయి.

"సార్, ఇంకొక్కసారి. కాళ్లు మొక్కుత."

బుగ్గమ్మ వేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది.

నాలుగు పరీక్షల్లోనూ దక్కని పాసు నర్మదకు ఆ పూట దక్కింది. కాళ్లు నేల మీద నిలవలేదు. లైన్లో ఉన్నవాళ్లందరితో చేతులు కలిపింది, ఆఖరికి ధర్మారావుతో కూడా. బుగ్గమ్మ బియ్యం వంక చూడనే లేదు, ఆ కాగితాన్నే ఎండకు పట్టి చూస్తోంది.

"గిది నా వేలేనా బిడ్డా?"

"నీదే పెద్దమ్మా."

"మరి గీ గీతలు ఇన్నొద్దులు యాడ దాక్కున్నయి?"

లైన్లోని కూలీలు ఒక్కొక్కరే బొటనవేళ్లు చాపారు. సంచిలో మిగిలినవి ఏడు కాగితాలే, వేళ్లేమో ఇరవై దాకా ఉన్నాయి. నర్మద నోరు తెరిచేలోపే బుగ్గమ్మ తన బియ్యం సంచి మీద కూర్చుని అందరికీ కబురు చెప్పేసింది.

"దినాం సాయంత్రం పార్లర్‌కు రాండ్రి. నీళ్లు నేను కాగబెడ్త."