గంట మోగిందా?

మా క్వార్టర్‌లో రెండే గదులు. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి. ఆ రెంటికీ నడుమ ఉన్న గడపను పీకించి, ఈ గది నుంచి ఆ గదికి ఆకుపచ్చ బనాతు గుడ్డ పట్టీ పరిచిన మహానుభావుడు మా ఆయన. గడప లేని ఇల్లు ఇల్లేనా అని నేను మొత్తుకున్నాను. శుక్రవారం పూట పసుపు ఎక్కడ రాయాలి, నీ నెత్తికా అని కూడా అడిగాను.

"జర ఓపిక పట్టు. పని మీదికి పోయినంక మళ్ల పెట్టిస్త" అన్నాడు.

ఆ గడప మళ్లీ పడలేదు.

మంచిర్యాల దాటి బొగ్గు గనుల దిక్కు, మా మాటలో బొగ్గు బాయిల దిక్కు పోతే కంపెనీ కాలనీలు వరసగా ఉండేవి. మేమున్నది అందులో ఒకదాంట్లో. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయ్యి కొన్నేళ్లు గడిచినా, బాయి మీద మాత్రం అన్నీ పాత పద్ధతులే నడిచేవి. మా ఆయన అక్కడ సర్దార్. పొద్దుటి షిఫ్టులో పనివాళ్లందరికంటే ముందు తానొక్కడే బొగ్గు దగ్గరికి పోయి, ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పు తట్టి వినడం ఆయన పని. గట్టి రాయి గణగణ మోగుతుంది. లోపల విడిపోయిన రాయి తడిసిన డప్పులాగా మొద్దు చప్పుడు చేస్తుంది. ఆ తేడా విని "రాండ్రి" అని ఒక్క మాట అంటే, వెనక నిలబడ్డవాళ్లు తట్టలు, పారలు పట్టుకొని ఆ కప్పు కిందికి వచ్చేవాళ్లు. నిజమేనా అని ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కాదు. పెండ్లాం మాట నమ్మనోడు కూడా సర్దార్ మాట నమ్ముతాడని కాలనీలో నవ్వుకునేవాళ్లం.

ఒకనాడు బొగ్గు పేల్చడానికి పెట్టిన మందు పేలవలసినప్పుడు పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని ఈయన దగ్గరికి పోయినప్పుడు పేలింది. మనిషి చెక్కు చెదరకుండా బయటికి వచ్చాడని అందరూ నాకు దేవుణ్ణి చూపించారు. నేనూ దండం పెట్టాను. ఇంటికి వచ్చాక చూస్తే రెండు చేతులూ వణుకు. గ్లాసు నోటి దాకా చేరేలోగా సగం నీళ్లు లుంగీ మీదే పోయేవి. వణుకు తగ్గేదాకా బాయిలోకి దింపవద్దని కంపెనీ దవాఖాన డాక్టరు రాసిచ్చాడు. తగ్గకపోతే పని పోతుంది, పని పోతే క్వార్టర్ ఖాళీ చేయాలి. మాకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంకా పాకుతోంది. లక్సెట్టిపేట దగ్గర మా తల్లిగారి ఊళ్లో అన్నల పంచన చేరడం తప్ప మాకు వేరే దిక్కు లేదు. వదినెలు ఎలాంటివాళ్లో నాకు తెలుసు కాబట్టి ఆ దిక్కు తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చినట్టయ్యేది.

బాయి మేనేజర్ను అందరం దొర అనేవాళ్లం. కలకత్తా దిక్కువాడు. ఆయనకు గోల్ఫ్ ఆట పిచ్చి. మా దగ్గర గడ్డి మైదానమెక్కడిది, ఎటు చూసినా బొగ్గు బూడిదే. అందుకని ఇంట్లోనే ఆడుకునే సామాను ఒకటి తెప్పించుకున్నాడు. పొడుగాటి బనాతు పట్టీ, దాని చివర మూత ఉన్న ఒక చెక్కపెట్టె, ఇనుప తల ఉన్న కర్ర, తెల్లటి గట్టి బంతి. బంతిని మెల్లగా కొడితే పట్టీ మీద దొర్లుకుంటూ పోయి పెట్టెలో దూరుతుంది. సరిగ్గా నడిమి గుంటలో పడితే లోపలున్న గంట మోగుతుంది. పక్క గుంటల్లో పడితే మోగదు. ఎందులో పడ్డా స్ప్రింగు దాన్ని తన్ని వెనక్కి పంపిస్తుంది. మూత ఉంటుంది కాబట్టి, బంతి ఏ గుంటలో పడిందో కొట్టినవాడికి కనబడదు. గంట వింటేనే తెలియాలి.

మా ఆయన ఒకసారి సలాం చేయడానికి బంగళాకు పోతే దొర ఆ చేతులు చూసి జాలిపడ్డాడట. ఆ సామాను ఎత్తి ఇచ్చి, దీంతో ఆడు, చేయి కుదురుతుంది, గంట తప్పకుండా మోగించిన రోజు నా దగ్గరికి రా, నిన్ను నేనే కిందికి పంపిస్తా అన్నాడట. దొర అది ఊరికే ధైర్యానికి అన్నాడేమో. బాయి మీద బతికేవాళ్లకు అలా తోచదు. అక్కడ దొర నోట్లోంచి వచ్చిందే హుకుం, కాగితం తర్వాత ఎప్పుడో వస్తుంది. ఈయన ఆ మాటను మూట కట్టుకొని ఇంటికి వచ్చాడు. పట్టీ మా ముందు గదికి పొడుగైంది. గడప పోయింది, పెట్టె వచ్చి నా పొయ్యి పక్కన కూర్చుంది.

ఇక పొద్దున లేచింది మొదలు అదే పని. ఆయన ముందు గదిలో మంచం పక్కన నిలబడి కొట్టేవాడు. నేను ఇవతల కూర కోస్తూనో, జొన్న రొట్టెలు కొడుతూనో ఉండేదాన్ని. బంతి నా మోకాలి పక్కనుంచి పెట్టెలోకి పోయేది.

"మోగిందానే?" అని అడిగేవాడు.

"మోగింది" అనో, "మోగలే" అనో చెప్పేదాన్ని. మొదట్లో ఎక్కువగా మోగలే అనే చెప్పాను. ముసలితనంలో గోలీలాట మొదలుపెట్టిండు అని పక్కింటి ఆడవాళ్లు నవ్వితే, అది దవాఖాన మిషిని అని వాళ్ల నోరు మూయించాను. దసరాకు ఆయన తన కప్పు తట్టే కర్రను కడిగి, దాని పక్కనే దొర ఇచ్చిన కర్రను కూడా పెట్టి బొట్టు పెట్టమన్నాడు. నేను రెంటికీ పెట్టాను. నమ్మకం లేకపోయినా పెట్టాను, ఎందుకంటే ఆ గంట మోగాలని ఆయన కంటే నాకే ఎక్కువ ఆరాటం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒకరోజు నేను ఆయన మీద అలిగాను. గడప లేకపోవడం వల్ల పాకుతున్న చిన్నది నేరుగా పొయ్యి దాకా వచ్చి చేయి కాల్చుకుంది. పొద్దుటి నుంచి ఆయనతో మాట లేదు. తల వంచుకొని చింతపండు గింజలు తీస్తున్నాను. అవతల బంతి కొట్టాడు. నా పక్కన గంట ఖంగుమంది.

"మోగిందానే?"

నేను గింజలు తీస్తూనే ఉన్నాను. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఖంగుమంది.

"ఓయ్, నిన్నే. మోగిందా?"

"చెవులల్ల సీసం పోసుకున్నవా? వాడకట్టంత ఇనవడ్డది" అన్నాను, తల ఎత్తకుండానే.

కాసేపటికి తల ఎత్తి చూస్తే ఆయన ఇంకా నా మొహాన్నే చూస్తూ నిలబడి ఉన్నాడు, నేనేం చెబుతానోనని. తల వంచుకొని అన్న మాట ఆయనకు అందలేదు. పెట్టె మూత కింద చేయి పెట్టి, మొహంలో ఏమీ కనబడనీయకుండా, గంటను వేలితో కొట్టాను. ఆయన కదలలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. అలాగే నా మొహం చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నా చేయి ఎక్కడుందో గమనించాడు. కర్రను గోడకు ఆనించి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పటిసంది?" అని అడిగాను.

"మందు పేలిన కాడిసంది. ఎదురుంగ నిలవడి చెప్తె మాట అందుతది. సన్న సప్పుడు అస్సలే రాదు. డాక్టరు చేతులు చూసిండు, చెవుల సంగతి అడగలే. నేను చెప్పలే."

"మరి కప్పు సప్పుడు ఎట్ల ఇంటవు?"

"ముందుగాల చేతులు కుదరని. చెవులు గూడ అవే వస్తయేమో. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, చేతులు చాలవన్నట్టు చెవులు కూడా. ఎవరితోనైనా చెబితే ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఈయన వినబడని కప్పు కింద నిలబడి "రాండ్రి" అంటాడు. ఆయన వెనక పోయేవాళ్లలో మా పక్కింటివాడున్నాడు, ఎదురింటి ఇద్దరు అన్నదమ్ములున్నారు. వాళ్ల ఆడవాళ్లతో కలిసి రోజూ నల్లా దగ్గర నీళ్లు పట్టుకునేదాన్ని. ఆ రోజుల్లో వాళ్ల మొహం చూడడానికి నాకు భయంగా ఉండేది. చెబుదామని నోటి దాకా వచ్చేది. ఇంటికొచ్చి పిల్లలను చూడగానే మింగేసేదాన్ని.

అప్పటి నుంచి ఆ గంట మోగవద్దని కోరుకున్నాను. పాడు గంట, అప్పుడే బాగా మోగడం మొదలుపెట్టింది. దొర వట్టి మాట అనలేదు, ఆ ఆటతో నిజంగానే చేయి కుదిరింది. ఒకనాడు ఆయన గ్లాసు నిండా నీళ్లు తాగి, కింద చుక్క పడలేదని నాకు చూపించాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నాననుకొని నా భుజం తట్టాడు.

"రేపు దొర కాడికి పోదాం. పని నిలవడ్తది, క్వార్టర్ నిలవడ్తది. తర్వాతి సంగతి తర్వాత" అన్నాడు.

వద్దనలేదు నేను. పెట్టె ఆయన నెత్తిన పెట్టుకున్నాడు, బనాతు చుట్ట నేను చంకన పెట్టుకున్నాను. బంగళా వరండాలో దొర, డాక్టరు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. మా ఆయన కొట్టాడు, గంట మోగింది. వెంటనే తల తిప్పి నా మొహం చూశాడు. నేను తల ఊపాను. మళ్లీ కొట్టాడు, మళ్లీ నన్ను చూశాడు. ఒక్కటీ తప్పు పోలేదు. దొర పడి పడి నవ్వి, సర్దార్ పెళ్లాం అనుమతి లేనిదే బంతి కూడా కొట్టడని డాక్టరుతో అన్నాడు. డాక్టరు చేతులు చాపమన్నాడు. రాతి మీద పెట్టినట్టు నిలకడగా ఉన్నాయి. తెల్లారి మొదటి షిఫ్టుకు దిగమని అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు. ఆ సామాను ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకో అన్నాడు దొర.

ఇంటికి వచ్చాం. సాయంత్రం దీపం పెట్టే వేళకు మూలనున్న కప్పు తట్టే కర్ర తీశాడు. మా వెనక గదిలో షాబాదు బండలు పరిచి ఉండేవి. పొయ్యి పక్కది ఒకటి కింద మట్టి జారిపోయి బోలుగా మోగేది. కాపురానికి వచ్చిన కొత్తలోనే దాన్ని తట్టి ఇది చెడ్డ బండ అని నాకు చెప్పింది ఆయనే.

"నేను కండ్లు మూసుకుంట. కర్ర కొన ఏ బండ మీద పెడ్తవో పెట్టు" అన్నాడు.

నేను బోలు బండ మీద పెట్టాను. ఆయన తట్టాడు. మొద్దు చప్పుడు గదంతా వినబడింది. తల పక్కకు వంచి ఇంకోసారి తట్టాడు.

"గట్టిదే" అన్నాడు.

కళ్లు తెరిచి కర్ర ఎక్కడుందో చూసుకున్నాడు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"నువ్వు పక్కన ఉంటె చేద్దును. మోగిందా, మోగలేదా నువ్వు చెప్పుదువు. ఆడోళ్లను బాయిలకు దిగనియ్యరు గద" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ మెప్పు నాకు వద్దనిపించింది. చెవులు వినబడడం లేదని దొరకు ఉన్నదున్నట్టు చెప్పు, పనివాళ్లకు దీపాలిచ్చే ఏ గదిలోనో కూర్చోబెడతాడేమో అన్నాను.

"చేతులు పోయినయంటె జాలి పడ్తరు. చెవులు పోయినయంటె, ఎన్నడు పోయినయో అంటరు. నేను తట్టి రమ్మన్న ప్రతి కప్పూ యాదికి తెచ్చుకుంటరు. ఇన్నేండ్లు నా మాట మీద వచ్చిండ్రు. గా మాట పోవద్దు" అన్నాడు.

తెల్లారి మొదటి షిఫ్టు కూత కూసింది. ఆయన బాయి దిక్కు పోలేదు. పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు, నేను బనాతు చుట్ట తీసుకున్నాను. బంగళా వరండాలో సామాను దించి, డాక్టరు రాసిచ్చిన కాగితం దొర ముందు పెట్టి, రాత్రి నుంచి వణుకు మళ్లీ మొదలైంది సాబ్ అన్నాడు. దొర నమ్మలేక, చేతులు చాపమన్నాడు.

మా ఆయన రెండు చేతులూ ముందుకు చాపి, ముందురోజు దాకా తాను ఆపడానికి పాటుపడ్డ ఆ వణుకునే తెచ్చుకొని, దొర చాలు చాలు అనేదాకా వణికించాడు. చేతుల వంకే చూస్తున్న ఆయనకు దొర అన్న ఆ మాట అందలేదు, నా వైపు తిరిగి చూసి, నేను తల ఊపిన తర్వాత ఆపాడు.