పది అడుగుల దూరం

సిమెంటు గచ్చు మీద సత్తు పళ్లెం గీసుకుపోతున్న చప్పుడు. పొద్దున్నే కరీంనగర్‌లో నా టిఫిన్ బండి వెనక రాణి తింటోందనడానికి అదే గుర్తు. నేను పళ్లెం పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడతాను. ఇడ్లీకి వచ్చినవాళ్లు, సొంత కుక్కకే భయపడే మొగోణ్ని ఇక్కడే చూస్తున్నామని నవ్వుతారు. నవ్వనీ. ఆ అడుగులు నావి కావు, విఠల్ కాకవి.

కాగజ్‌నగర్‌లో మా పక్క క్వార్టర్ ఆయనది. పేపర్ మిల్లులో వాచ్‌మన్. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు వేశారట. కుక్కపిల్ల ఎదురైనా కర్ర అడ్డం పెట్టుకుని గోడవారగా నడిచేవాడు. నేనేమో బడి మానేసి మిల్లులో లోడింగ్ పనికి చేరి, తొలి జీతంతో రాణి మెడకు మువ్వల పట్టీ కొన్నవాణ్ని, షేక్‌హ్యాండ్ నేర్పినవాణ్ని. "కాకా, జర చెయ్యి కలుపు, నీకోసమే నేర్చుకున్నది" అని ఆయన్ని ఏడిపించేవాణ్ని. కుక్కల మనిషి ఎవరని అడిగితే ఊరంతా నా పేరే చెబుతుందని నా ధీమా.

మిల్లు మూతపడింది. ఒక్కో క్వార్టర్‌కి తాళం పడింది. మూసిన మిల్లుకూ కాపలా కావాలి కనక కాక మిగిలాడు. నాకు కరీంనగర్ హోటల్లో పని దొరికింది. వాళ్లిచ్చిన గదిలోకి కుక్కను రానివ్వరు. రాణి ముందు బ్రెడ్ పాకెట్ విప్పి పెట్టి, అది తింటుండగా బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే, మరి కుక్కో అని అడుగుతారు కదా.

నాలుగు నెలలకు సొంత బండి పెట్టుకుని, ఇల్లు చూసుకుని, దానికోసం వెళ్లాను. బతికుందా, ఉంటే నన్ను దగ్గరికి రానిస్తుందా అని దారంతా గుంజాటన. క్వార్టర్ల వరుసలో కాక కనబడ్డాడు. ఒక చేతిలో బకెట్, ఒక చేతిలో కర్ర. తాళమేసిన గడప గడపకూ ఓ కుక్క, ఓ పళ్లెం. జొన్నగటక వేసి, కుక్క మీంచి చూపు తిప్పకుండా పది అడుగులు వెనక్కి నడుస్తున్నాడు. ఆయన ఆగాకే అది మూతి పెడుతోంది. మా గడప ముందు రాణి ఉంది, బక్కచిక్కి, మెడలో అదే పట్టీతో.

కుక్కలంటే ఇష్టం ఎప్పుడు పుట్టింది కాకా అన్నాను. ఇష్టమెక్కడిది, చూస్తేనే కాళ్లు వణుకుతున్నాయన్నాడు. మరి ఇన్ని ఇళ్లు తిరగడమెందుకు, అన్నిటినీ నీ వాకిట్లోకే పిలవరాదా అన్నాను.

"నా వాకిట్ల పెడితె నా కుక్కలైతయ్. గివి మీ కుక్కలు రా. జాగ ఇడిసిపోతె, రేపు మీరొచ్చి యాడ దేవులాడుతరు?"

"రాకపోతె?"

కాక బకెట్‌లోకి చూశాడు. "నువ్వొచ్చినవ్ గద."

పళ్లెం నా చేతికిచ్చి నన్నే పెట్టమన్నాడు. రాణి నన్ను వాసన చూసింది, తోక ఊపింది, తినలేదు. తల నిమురుతూ కూర్చున్నాను. అయినా తినలేదు.

"జర ఎన్కకు జరుగు" అన్నాడు కాక.

జరిగాను. పది అడుగులు. అప్పుడు తిన్నది.

కాక పోయి రెండేళ్లయింది. రాణికి కళ్లు మసకబారాయి. పళ్లెం పెట్టినా, నా అడుగుల చప్పుడు ఆగేదాకా తల ఎత్తే ఉంచుతుంది. నేను నేర్పిన షేక్‌హ్యాండ్ మాత్రం ఎప్పుడో మరిచిపోయింది.