మంట మధ్యలో మసి

మా అక్కకు బిడ్డ పుట్టిందని గద్వాల వచ్చానే గాని, నా మనసంతా హైదరాబాద్‌లోని కంప్యూటర్ మీదే ఉంది. విమానం ఇంజన్ లాంటి గ్యాస్ టర్బైన్‌లో ఇంధనం మండే గది ఉంటుంది. అందులో మసి ఎట్లా తయారవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పరిశోధన. ప్రయోగశాలలో కొలిచిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మసి చూపిస్తూ ఆ లెక్క మూడేళ్లు నా ప్రాణం తీసింది. ఈసారీ కలవకపోతే అంశం మార్చుకోవాల్సిందేనని మా గైడు సారు తేల్చి చెప్పారు.

అందుకని ఒక పని చేశాను. మసి పుట్టే వేగాన్ని నిర్ణయించే అంకెను తగ్గించుకుంటూ పోయాను. గది చివర బయటికొచ్చే పొగ దగ్గర లెక్క కలిసింది. ఆ గ్రాఫు సారు చేతికిచ్చి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా బస్సెక్కాను.

కొన్న కాటుకను పసిపాపకు పెట్టనివ్వదు మా అమ్మ. మధ్యాహ్నం ఆముదం దీపం వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించమని నాకు అప్పజెప్పింది. చెరోవైపు రెండిటుకలు చాలని అమ్మ అంటే నేను వినలేదు. పళ్లెం మాడిపోతుందని నా తెలివి కొద్దీ మూడేసి పేర్చాను. గంట తర్వాత తీసి చూస్తే పళ్లెం తళతళలాడుతోంది.

"ఏంది బిడ్డా, గంత ఎత్తుల పెడితే మసి యాడ తగుల్తది?" అంది అమ్మ.

"దీపం మసే ఇస్తలేదమ్మా. ఒత్తి మంచిగ లేదు."

"ఒత్తికేమైంది? మంట నడిమిట్ల బొచ్చెడు మసి ఉంటది. కొసకు పోయేసరికి కాలిపోతది. గింత చదివినవ్, గిది తెల్వదా?"

రెండువైపులా ఒక్కో ఇటుక తీసేసింది. చూస్తుండగానే పళ్లెం నల్లబడింది. ఇంజన్‌లోనూ అంతే. మొదట మసి కుప్పలుగా పుడుతుంది, తర్వాత లోపలికొచ్చే గాలితో చాలావరకు కాలిపోతుంది. ఆ కాలడాన్ని తక్కువగా లెక్కగట్టింది నేను. ఆ తప్పు కనబడకుండా మసి పుట్టుకనే నొక్కేసింది కూడా నేనే. గది మధ్యలో కొలిచిన అంకెలు నా సంచిలోనే ఉన్నాయి, వాటితో ఎప్పుడూ పోల్చి చూడలేదు. ఛీ, ఎంత దొంగపని.

చెబితే మూడేళ్ల కష్టం పోవచ్చు. చెప్పకపోతే పట్టా వస్తుంది. సాయంత్రం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు పోయి, రెండుసార్లు రిసీవర్ ఎత్తి పెట్టేసి, మూడోసారి కలిపాను.

"సార్, ఆ గ్రాఫు నమ్మకండి. అంకె మార్చి కలిపాను. అసలు తప్పు మసి కాలే దగ్గర ఉంది."

"గది మధ్యలో పోల్చి చూశావా?"

"లేదు సార్. కలవదని తెలిసే చూడలేదు."

నా పని అయిపోయిందనుకున్నాను.

"సోమవారం రా. ఇద్దరం కూర్చుని చూద్దాం," అన్నారు.

మూడేళ్లలో ఆయన నోట 'ఇద్దరం' అన్న మాట వినడం అదే మొదటిసారి. బూత్ మెట్ల మీద కూలబడి, జనం చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చేశాను.