లోతు తాడుకు పడ్డ రెండు ముడులు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం నా నోరు నొక్కేస్తుంది.

తొంభైల చివర్లో నేను నేవీలో ఉన్నాను. మా ఓడ విన్యాసాలకని మంగినపూడి వచ్చింది. మాది ఆ ఊరే. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాణ్ని, మా ఒడ్డుకు యుద్ధనౌక మీద వస్తున్నాను! ఓడ ముందు భాగంలో నిలబడతానని నాన్నకు ఉత్తరం కూడా రాశాను. ఆ ఉదయం నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సైన్యాన్ని సముద్రం మీంచి దించేటప్పుడు, జవాన్లు ఇసుక తొక్కేదాకా వాళ్ల ప్రాణాలకు నేవీదే పూచీ. వెనక రెండు యుద్ధనౌకలు కాపు కాస్తాయి. మా ఓడ ఒడ్డుకు ఆనుకుని ముందు తలుపు దించితే, దాని మీదుగా లారీలు దిగుతాయి. అడుగున నేల గట్టిగా లేకపోతే మొదటి లారీ మనుషులతో సహా కూరుకుపోతుంది. లోతు చెప్పే యంత్రం ఉన్నా, సీసపు గుండు కట్టిన తాడు వేసి చూడడం నా పని.

రెండుసార్లు వేశాను. తాడు చేతుల్లోంచి నున్నగా జారింది. మూడోసారి లాగితే గుండుకు మూరెడు పైన రెండు తడి ముడులు, జానెడు ఎడంతో.

ఆ ముడులు నాకు తెలిసినవే. చిన్నప్పుడు ఊబి తగిలిన చోట నాన్న తాడుకు అలాగే రెండు ముడులు వేసి నా చేతికిచ్చేవాడు. ముందుకెళ్లొద్దని దానర్థం.

"ఆపండి సార్, అడుగున ఊబి!" అని అరిచాను. నెల కిందటి సర్వేలో అక్కడ గట్టి ఇసుకే ఉంది. అయినా కెప్టెన్ గారు వెనక లంగరు వేయించి ఓడ ఆపారు. చిన్న పడవలో వెళ్లి గెడ గుచ్చితే మనిషి నిలువు లోతుకు దిగిపోయింది. అప్పటికే మొదటి లారీలో జవాన్లు ఎక్కి కూర్చున్నారు. ఆనందం పట్టలేక పక్కవాణ్ని వాటేసుకున్నాను.

కాస్త ఉత్తరంగా జరిగి అందరినీ క్షేమంగా దించాం. ఒడ్డున జనంలో నాన్న కనిపిస్తే పరిగెత్తాను. ఆయన చేతిలో తువ్వాలు నలిగిపోయి ఉంది.

"నిన్న వేటకెళ్తే అక్కడ బురద పేరుకుందిరా. నువ్వేమో తిన్నగా దాని మీదకే వస్తన్నావు. కేకేస్తే ఇనపడదు. ఏం తోచక దీనికి ముడులేశా."

తువ్వాలుకు రెండు ముడులు, జానెడు ఎడంతో.

మా ఇద్దరి మధ్య మూడు నాలుగు వందల గజాల నీళ్లున్నాయి. నా తాడును ఇంకెవరూ ముట్టుకోలేదు. అదెలా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. నాన్నకు తాడు సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"అందినాయి కదా, చాలు. అన్నం తిన్నావా?" అన్నాడు.