చేతులు ఒళ్ళో పెట్టుకున్న మెకానిక్కు

ఎల్లాజీ పదిహేడేళ్ళ వయసులో సొంత ఊరివాడైన బంగారయ్య బోటు ఇంజను విప్పుకుపోయి, పలాసలో అమ్మబోతూ దొరికాడు. ఏడాది బాలుర గృహంలో ఉన్నాడు. అక్కడ మోటార్ల పని నేర్పారు. విడుదలయ్యాక ప్రొబేషను ఆఫీసరే టెక్కలిలో బర్నబా మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్ళి పనికి పెట్టాడు.

మూడేళ్ళు గడిచాయి. పని వచ్చింది గానీ, ఉద్దానం సముద్రతీరాన ఉన్న సొంత ఊళ్ళో మాత్రం ఎవరూ అతని చేతికి ఇంజను ఇవ్వరు. చేపల గంప దించినచోటల్లా తల్లి రాజులమ్మకు "దొంగ సెయ్యి" అన్న మాటే వినపడేది. ఆ మాట ఊళ్ళోనే చెరిగిపోవాలని ఎల్లాజీ పట్టుదల.

2005లో బంగారయ్య అదే ఇంజనును మూడోసారి టెక్కలి మోసుకొచ్చాడు.

"కెరటాల్లోనే ఆగిపోతంది మేస్త్రీ. రేపు బోటెక్కీది నువ్వే."

ఒకే ఇంజను మూడోసారీ బాగుకొస్తే, బాగుచేసినవాడు మర్నాడు బోటెక్కి, కెరటాలు దాటేదాకా కూర్చోవాలి. అది ఆ తీరం కట్టుబాటు.

"ముందు రెండుసార్లూ విప్పిందీ బిగించిందీ ఎల్లాజీ. ఈసారీ ఆడే బిగిత్తాడు. ఆడే ఎక్కాల," అన్నాడు బర్నబా. "నేనా? బాప్తిస్మం నీళ్ళు తప్ప లోతు నీళ్ళు ఎరగనోణ్ణి."

బంగారయ్య ఎల్లాజీని ఎగాదిగా చూశాడు. "రానీ. దేనిమీదా సెయ్యి మాత్రం ఎయ్యకూడదు. ఒళ్ళో ఎట్టుకుని కూకోవాల."

ఆ రాత్రే ఇంజను బిగించి, తెల్లారాక ఎల్లాజీ బోటులో అలాగే కూర్చున్నాడు. ఇంజను పెట్రోలు మీద అందుకుంది. అది బాగా వేడెక్కాకే కిరసనాయిలుకు మార్చాలి, లేదంటే ఆగిపోతుంది. రెండో కెరటం దాటారో లేదో, పెట్రోలు ఆదా చెయ్యాలని బంగారయ్య చెయ్యి కిరసనాయిలుకు మార్చే కుళాయి మీదికి పోయింది. రోగం ఇంజనుది కాదని ఎల్లాజీకి అప్పుడు తెలిసింది. ఇక్కడ ఇంజను ఆగితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది.

"ఇప్పుడే తిప్పకు మావా."

"నోరు మూసుకుని కూకో."

ఎల్లాజీ చెయ్యి ఒళ్ళోంచి లేచింది. బంగారయ్య మణికట్టును గట్టిగా పట్టేసింది. "ఒడ్డుకెళ్ళాక కొట్టు. ముందు దాటనీ."

బోటు మూడో కెరటం ఎక్కింది, దభీమని దిగింది, నాలుగోది ఎక్కింది. ఇంజను చప్పుడు తెగలేదు. సముద్రం చదునయ్యాక ఎల్లాజీ ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది.

"ఇప్పుడు తిప్పు."

చప్పుడు కాస్త బొంగురుపోయి, సాగిపోయింది.

బంగారయ్య మణికట్టు రుద్దుకున్నాడు. తర్వాత చుక్కాని పిడి వదిలి జరిగాడు. "నువ్వు పట్టు. నేను బీడీ ముట్టిత్తాను."

తిరిగొచ్చేటప్పుడు బోటును ఒడ్డుకు నడిపింది ఎల్లాజీయే. అది ఊరంతా చూసింది. బంగారయ్య పెద్ద వంజరం చేపను తెచ్చి రాజులమ్మ గంపలో వేశాడు. "నీ కొడుకు పట్టుకి సెయ్యి కమిలిపోనాదే," అని మణికట్టు ఎత్తి నలుగురికీ చూపించి నవ్వాడు.

ఆ వారంలోనే రాజులమ్మ వాకిట్లో నాలుగు ఇంజన్లు దిగాయి. రెండేళ్ళకు అక్కడే షెడ్డు లేచింది. దాన్ని చూడ్డానికి బర్నబా మేస్త్రీ టెక్కలి నుంచి వచ్చాడు. బోటెక్కమంటే మాత్రం ఎక్కలేదు.