రాజ్యలక్ష్మి పెట్టుకున్న పొట్టిపేర్లు

రాజ్యలక్ష్మి కుదురుగా ఒకచోట కూర్చోలేని మనిషని విజయనగరంలో ఆమె దగ్గర వయొలిన్ నేర్చుకున్న వాళ్ళందరికీ తెలుసు. పిల్లలు వర్ణం వాయిస్తుంటే ఆమె ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ వింటుంది. చూపు పోయాక కూడా ఆ నడక ఆగలేదు. దారిలో కుర్చీ ఎవరైనా జరిపారా, ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

చూపు ఒక్కసారిగా పోలేదు. నలభై దాటాక ముందు చీకట్లో మెట్లు, తర్వాత స్వరాల పుస్తకం, ఆ తర్వాత మనుషుల ముఖాలు పోయాయి. పాఠాలకి ఇబ్బందేమీ రాలేదు. ఇబ్బందల్లా మెయిళ్ళతోనే వచ్చింది. సంగీత సభలవాళ్ళు, పాత శిష్యులు రాసినవన్నీ భర్త మోహనకృష్ణ సాయంత్రం కాఫీ తాగుతూ ఫోనులో చదివి వినిపించేవారు. తెలుగు మాష్టారుగా రిటైరైన మనిషి, గొంతు బాగుంటుంది. కానీ చదువుతూ చదువుతూ మధ్యలో చిన్నగా ఆగి, మళ్ళీ అందుకునేవారు.

“ఏటి మింగేశారు?” అనేది ఆమె.

“ఏంలేదు రాజ్యం, ఆవులింతొచ్చింది.”

ఆ ఆవులింతలు పడలేకే ఆమె చీపురుపల్లి జగన్నాధానికి ఫోన్ చేసింది. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎక్కడ కచేరీ జరిగినా ముందువరసలో ఉంటాడు.

“బొమ్మలూ బటన్లూ ఉన్న మెయిలు మనకెందుకమ్మా?” అన్నాడు. “తెరిస్తే సాలు, తెరమీదున్నదంతా సదివే కంప్యూటర్ గొంతు ఆపకుండా వాగుతాది. ఉత్త అక్షరాలతో నడిచేది ఒకటున్నాది. మౌసుతో పన్లేదు. మీట నొక్కితే పన్జేస్తాది, లేకపోతే నోర్మూసుకుని ఉంటాది.”

గరివిడి స్కూల్లో టీచరుగా చేస్తున్న పాత శిష్యురాలు ఆమని ఓ ఆదివారం వచ్చి, ఆయన ఫోనులో చెబుతుంటే లాప్‌టాప్‌లో అదంతా అమర్చింది. ఉత్తరాలు వినడం తొందరగానే పట్టుబడింది. అడ్రసుల దగ్గరే ప్రాణం విసిగిపోయేది. ఒక్కొక్క అక్షరం, చుక్క, అంకె కొట్టుకుంటూ పోవాలి. ఎక్కడ ఒక్కటి తప్పినా ఉత్తరం తిరుగుటపాలో వచ్చేసేది.

“పొట్టిపేర్లు పెట్టుకోండమ్మా,” అన్నాడు జగన్నాధం. “ఉత్తరం మీదుండగా ‘ఎ’ నొక్కండి. ఏ పేరని అడుగుతాది. ఇంట్లో పిలుసుకునే పేరేదో కొట్టీండి. రేపట్నుంచి ఆ పేరు కొడితే అడ్రసంతా అదే ఏసుకుంటాది. పదిమందికి కలిపి ఒకే పేరూ పెట్టొచ్చు. పంపేముందు మాత్రం ఎవరికెళ్తన్నాదో పూర్తిగా ఇనాల.”

ఆ పూటంతా ఆమె పేర్లు పెడుతూనే ఉంది. ఆమనికి ‘పిల్ల’. జగన్నాధానికి ‘చీపురు’. క్లాసు వేళలు తెలియజెయ్యడానికి శిష్యులూ వాళ్ళ తల్లిదండ్రులూ, ఆ వ్యవహారం చూసే మోహనకృష్ణా కలిపి ‘పిల్లలు’. వినాల్సినది మాత్రం వినేది కాదు. గొంతు సగం పలికేసరికే మీట నొక్కి దాని నోరు మూయించేది.

ఓ ఉదయం జగన్నాధమే ఫోన్ చేశాడు. “ఒంట్లో ఎలాగున్నాదమ్మా? శ్రీకాకుళం సభకి ఈయేడు రాలేనన్నారట కదా?”

“ఎవరన్నారు?”

“సెక్రటరీ గారే సెప్పారు. మాష్టారు మెయిలు పెట్టారట.”

ఆమె ఫోన్ పెట్టేసి గదిలో గిరగిరా తిరిగింది. తర్వాత లాప్‌టాప్ ముందు నిలబడే కొట్టింది: “ఆమనీ, మీ మాష్టారు నా కచేరీ మాన్పించారు. నాకు ఒంట్లో బాగోలేదట. నా కళ్ళు పోయాయి గానీ చేతులు పోలేదు. ఈ మనిషితో నాకు ఊపిరాడటం లేదు. ఎవరికీ చెప్పకు.” రోజూ క్లాసు కబుర్లు పంపే అలవాటున వేళ్ళు ‘పిల్ల’ దగ్గర ఆగలేదు. గొంతు అడ్రసులు చదవడం మొదలుపెట్టగానే దాని నోరు నొక్కేసి పంపేసింది.

పక్కగదిలో మోహనకృష్ణ ఫోను టింగుమంది. ఆ వెంటనే ఆమె ఫోను మోగింది.

“మేడమ్, ఆ మెయిలు అందరికీ వచ్చేసింది!” అంది ఆమని.

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగారు.

“క్రిందటేడు నరసన్నపేటలో వేదిక మెట్లమీంచి పడ్డావు,” అన్నారు. “వయొలిన్ పైకెత్తి పట్టుకున్నావు, మోచెయ్యి చీరుకుపోయింది. జనమంతా అయ్యో అన్నారు. అది మళ్ళీ వినలేను రాజ్యం.”

“విన్నది మీరు. పడింది నేను. మానేస్తానని నేనన్నానా?”

ఆయన ఫోను జేబులో పడేసుకున్నారు.

“ఊరందరికీ తెలిసేలా రాయాలనుకోలేదు,” అంది ఆమె. “కానీ రాసింది మాత్రం అబద్ధం కాదు.”

మర్నాడు క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఓ పిల్ల తల్లి ఇడ్లీలు పట్టుకొచ్చి, “జాగ్రత్తమ్మా” అని గొంతు తగ్గించి చెప్పింది. ఆ జాలికి ఆమెకి ఒళ్ళుమండింది. పిల్లల చేత ఒకే వర్ణం మూడు కాలాల వేగాల్లోనూ వాయింపజేసింది.

ఆ మధ్యాహ్నమే సభకి తనే రాసింది, ఆరోగ్యం భేషుగ్గా ఉందని. ఈసారి గొంతుని ఆఖరి అక్షరం దాకా పలకనిచ్చింది. ఇక అక్కణ్ణుంచి జవాబు కోసం ఎదురుచూపు. అన్నం ముద్ద నోట్లో ఉండగానే లేచి వెళ్ళి మీట నొక్కేది. కొత్త ఉత్తరాల్లేవనేది గొంతు. చివరికి జవాబొచ్చింది. సాయంత్రం కచేరీ వేరేవాళ్ళకి ఇచ్చేశారట. కావాలంటే పొద్దున అరగంట ఉందట.

“పొద్దున్న హాల్లో ఎవరుంటారు?” అన్నారాయన.

“జగన్నాధం ఉంటాడు.”

శ్రీకాకుళంలో మెట్ల దగ్గర ఆయన చెయ్యి ఆమె భుజం మీదికి వచ్చింది. “చెయ్యి ఇవ్వండి, పట్టుకోకండి,” అందామె. ఆయన చెయ్యి చాచి నిలబడ్డారు. ఆమె దానిమీద వేళ్ళు ఆనించి మెట్లెక్కింది. హాలు ముప్పాతిక ఖాళీ. రెండో కీర్తనలో వయొలిన్ తీగ శ్రుతి జారింది. ఆపకుండా సర్దుకుంటూ ముగించింది. చప్పట్లు కొద్దిగానే పడ్డాయి, అయ్యోలు మాత్రం లేవు.

తిరుగు బస్సులో మోహనకృష్ణ, “బాగా వాయించావు,” అన్నారు.

“ఏం బాగు? తీగ జారిపోయింది. విశాఖపట్నంలో సభలవాళ్ళ అడ్రసులు చూడండి.”

“ఇప్పుడా?”

“మరెప్పుడు?”

ఆయన ఫోను తీసి వెతికి, ఒక్కొక్క అక్షరమే చదవడం మొదలుపెట్టారు. బస్సు హోరులో సగం వినపడలేదు. “గట్టిగా చెప్పండి, మళ్ళీ మొదట్నుంచి,” అందామె, ముందు సీటుని కాలితో తడుతూ.